స్టార్చ్ ఫిల్మ్‌లో గ్లిజరిన్ ఎంత వేయాలి, తేమను ఎలా లెక్కలోకి తీసుకోవాలి

శ్రావణమాసంలో బరంపురంలో పోసిన స్టార్చ్ ఫిల్మ్‌నీ (పిండిని నీళ్లలో ఉడికించి, పోసి ఎండబెట్టిన పలచటి పొర), పుష్యమాసంలో కోరాపుట్ కొండమీద అవే కొలతలతో పోసిన ఫిల్మ్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ ఒకే పిండితో చేసినవంటే నమ్మబుద్ధి కాదు. మొదటిది వేలికి అంటుకుంటూ లాగితే సాగుతుంది. రెండోది మడిస్తే చాలు, చిట్లుతుంది. రెండుచోట్లా వేసింది ఒకే గ్లిజరిన్, ఒకే కొలత. తేడా అంతా గాలిలోని తేమది. స్టార్చ్‌కి గ్లిజరిన్ లాగే నీళ్లు కూడా ప్లాస్టిసైజరే, అంటే మెత్తబరిచి సాగేలా చేసేదే. బరువుకు బరువు లెక్కేస్తే నీళ్లదే పైచేయి. మీరు కొలిచి వేసేది ఒక ప్లాస్టిసైజర్ అయితే, మీరు వేయకుండానే గాలిలోంచి వచ్చి చేరేది రెండోది. ఈ రెండో దాన్ని అదుపులో పెట్టకుండా చేసిన ప్రాజెక్టులో గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా వాటిని నమ్మి ఏమీ చెప్పలేం.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో, అంటే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లలో డిగ్రీ చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల కోసం, వాళ్లకు ప్రాజెక్టులు చేయించే మాస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 0.01 గ్రాము దాకా చూపే తూకం, థర్మామీటర్, స్క్రూ గేజ్, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు, ల్యాబ్‌లో హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటే సరిపోతుంది.

ముందు పిండి సంగతి

కర్రపెండలం స్టార్చ్ పొడి దొరికితే అదే తీసుకోండి. ఫిల్మ్ తేటగా వస్తుంది, వాసన ఉండదు. దొరక్కపోతే కిరాణా కొట్లో అమ్మే కార్న్ ఫ్లోర్ పనికొస్తుంది. మన దగ్గర ఆ పేరుతో తెల్లగా, మెత్తగా అమ్మేది చాలావరకు మొక్కజొన్న స్టార్చే. అయినా ప్యాకెట్ వెనక ఏముందో ఒకసారి చదవండి. పసుప్పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి వేరు, అది వద్దు. బియ్యప్పిండిలో ప్రోటీన్ ఉంటుంది, ఫిల్మ్ మసకగా వస్తుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు నుంచి వచ్చే సగ్గుబియ్యం కూడా కర్రపెండలమే కదా, దంచి వాడుకుంటే పోలేదా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ గుళికలను తయారీలోనే వేడిమీద వేయిస్తారు, అందుకని స్టార్చ్ అప్పటికే కొంత ఉడికి ఉంటుంది. పాయసానికి మంచిదే గాని, ఒకదానితో ఒకటి పోల్చి చూడాల్సిన ప్రయోగానికి పనికిరాదు.

స్టార్చ్‌లో రెండు రకాల గొలుసులుంటాయి: కొమ్మల్లేకుండా పొడవుగా సాగే అమైలోజ్, కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్. కర్రపెండలంలో అమైలోజ్ 17 నుంచి 20 శాతం దాకా, మామూలు మొక్కజొన్నలో 25 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అమైలోజ్ ఎక్కువున్న ఫిల్మ్ గట్టిగా ఉంటుంది. అందువల్ల సగం ఫిల్మ్‌లు ఒక పిండితో, మిగతా సగం ఇంకో పిండితో పోసి, కనబడిన తేడాను ప్లాస్టిసైజర్ ఖాతాలో వేయకండి. ప్రయోగం మొత్తానికి ఒకే ప్యాకెట్, వీలైతే ఒకే బ్యాచ్ నంబరు వాడండి.

ప్యాకెట్‌లో పిండి పొడిగా కనిపించినా అందులో ఇంచుమించు 12 శాతం నీళ్లుంటాయి. రెండు మూడు గ్రాములు తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని దాకా ఎండబెడితే మీ పిండి లెక్క తేలుతుంది. 12 శాతం తేలిందనుకుందాం, 5 గ్రాముల పొడి స్టార్చ్ కావాలంటే 5.68 గ్రాములు తూచుకోవాలి. ఇక్కడినుంచి గ్లిజరిన్ శాతాలన్నీ ఈ 5 గ్రాముల మీదే.

ఏ ప్లాస్టిసైజర్, ఎందుకు

బరంపురం నేతవీధుల్లో నూలు పడుగుకు గంజి పట్టించేవాళ్లను అడగండి, గంజిలో కాస్త నూనె కలిపితే దారం బిరుసెక్కదని చెబుతారు. మాట నిజమే. అంతమాత్రాన నూనె ప్లాస్టిసైజర్ అయిపోదు. అది స్టార్చ్ గొలుసుల మధ్యకు వెళ్లదు, విడిగా ఉండిపోయి దారం పైపైన నునుపు తెస్తుంది. ఫిల్మ్‌లో నూనె కలిపితే చుక్కలు చుక్కలుగా తేలుతుంది. గొలుసుల మధ్య దూరాలంటే అణువు చిన్నదై ఉండాలి, నీటితో కలిసిపోయేదై ఉండాలి, స్టార్చ్ మీది హైడ్రాక్సిల్ (OH) గుంపులతో హైడ్రోజన్ బంధం కట్టగలగాలి. అలా దూరినప్పుడు గొలుసుకూ గొలుసుకూ మధ్య ఉన్న బంధాలు కొన్ని విడిపోయి, వాటి చోట ప్లాస్టిసైజర్ అణువు నిలుస్తుంది. గొలుసులు ఒకదాని పక్కనుంచి ఒకటి జరగగలుగుతాయి. గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే గాజులా బిగుసుకున్న పదార్థం మెత్తబడే ఉష్ణోగ్రత, కిందికి దిగుతుంది. ఏదీ కలపని పొడి స్టార్చ్‌ని మెత్తబడే దాకా వేడి చేద్దామంటే, ఆ లోపే మాడిపోతుంది. ప్లాస్టిసైజర్ అవసరం అక్కడే ఉంది.

మీ మొదటి ప్రయోగానికి గ్లిజరిన్, సార్బిటాల్ రెండే చాలు.

గ్లిజరిన్ మందుల షాపులో దొరుకుతుంది. సీసా మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) అని ఉన్నది చూసి తీసుకోండి. రోజ్‌వాటర్ కలిపి అమ్మేది కాదు. సార్బిటాల్ పొడి రూపంలోనూ, 70 శాతం ద్రావణంగానూ వస్తుంది. ద్రావణం అయితే 1.5 గ్రాముల సార్బిటాల్‌కి 2.14 గ్రాములు తూచాలి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. గ్లిజరిన్ అణుభారం 92, హైడ్రాక్సిల్ గుంపులు మూడు. సార్బిటాల్ అణుభారం 182, గుంపులు ఆరు. అంటే ఒక్కో గ్రాములో హైడ్రాక్సిల్ గుంపులు రెండింటిలోనూ దాదాపు సమానం, కాని అణువుల సంఖ్య మాత్రం సార్బిటాల్‌లో సగమే. రెండూ బరువులో 30 శాతమే వేసినా ఫిల్మ్‌లు ఒకేలా రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సార్బిటాల్ అణువు పెద్దది, కదలిక తక్కువ, గాలిలో తేమను లాక్కునే గుణమూ తక్కువ. సమాన బరువుతో పోలుస్తున్నారా, సమాన మోల్స్‌తో, అంటే సమాన సంఖ్యలో అణువులతో పోలుస్తున్నారా అన్నది మొదటి పేజీలోనే రాసేయండి. మోల్స్ సమానం చేయాలంటే 30 శాతం గ్లిజరిన్‌కి ఇంచుమించు 60 శాతం సార్బిటాల్ పడుతుంది, ఆ ఫిల్మ్ నిలబడడం కష్టం. అందుకని సమాన బరువు పద్ధతే నయం అని నా అభిప్రాయం.

యూరియా కూడా స్టార్చ్‌కి మంచి ప్లాస్టిసైజరే, ఫిల్మ్ పాతబడి గట్టిపడడాన్ని ఆలస్యం చేస్తుంది. అయితే తిండికి తగిలే వాటిలో వాడేది కాదు. పొలానికి తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు తీసుకొద్దామనుకోకండి, 2015 నుంచి మన దేశంలో ఎరువుల యూరియా దాదాపు అంతా వేపనూనె పూత పూసినదే. ల్యాబ్ రకం వేరే కొనాలి. చక్కెర వేస్తే మొదట మెత్తగానే ఉంటుంది గాని, రానురాను స్ఫటికాలు కట్టి ఫిల్మ్ పెళుసవుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ జోలికి మాత్రం వెళ్లకండి, అది విషం.

ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి వంటకంలోనూ వెనిగర్ ఉంటుంది. వెనిగర్ ప్లాస్టిసైజర్ కాదు. దానిలోని ఆమ్లం వేడిలో స్టార్చ్ గొలుసులను కొంత ముక్కలు చేస్తుంది, జావ పలచబడి పోయడం సులువవుతుంది. ఎంత ముక్కలైందో మీకు తెలియదు కాబట్టి పోలిక ప్రయోగంలో దాన్ని మానేయండి.

కొలతలు

ఒక్కో బ్యాచ్‌కి 5 గ్రాముల పొడి స్టార్చ్, 100 మి.లీ. నీళ్లు. గ్లిజరిన్ 0, 10, 20, 30, 40, 50 శాతాలు, అంటే వరసగా ఏమీ వేయకుండా ఒకటి, తర్వాత 0.5, 1, 1.5, 2, 2.5 గ్రాములు. సార్బిటాల్‌కీ ఇదే వరస. గ్లిజరిన్‌ని పిపెట్‌తో కొలవకండి. చిక్కటి ద్రవం, గోడలకు అంటుకుని సగం లోపలే ఉండిపోతుంది. సాంద్రత 1.26 కాబట్టి మి.లీ. అంటే గ్రాము కూడా కాదు. 10 గ్రాముల గ్లిజరిన్‌లో 10 గ్రాముల నీళ్లు కలిపి పెట్టుకుని, అందులోంచి రెట్టింపు బరువు తూచుకోండి. 1.5 గ్రాములు కావాలంటే ఈ మిశ్రమం 3 గ్రాములు. చేతికి అంటదు, తూకం తప్పదు. అందులో వచ్చిన నీళ్లను 100 మి.లీ.లోంచి తగ్గించుకోవడం మరచిపోకండి.

0 శాతం ఎందుకు, అది ఎలాగూ పగిలిపోతుంది కదా అని వదిలేయకండి. 0కీ 10కీ మధ్య జరిగేదే ఈ మొత్తంలో ఆసక్తికరమైన సంగతి, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

ఉడికించడం

చల్లటి నీళ్లలో పిండి వేసి ఉండలు లేకుండా కలపండి. గ్లిజరిన్ అప్పుడే వేసేయండి. బీకరు బరువుతో సహా మొత్తం బరువు రాసి పెట్టుకోండి, ఇది ముఖ్యం. బీకరును నేరుగా మంట మీద పెట్టకుండా, నీళ్లు కాగుతున్న గిన్నెలో నిలబెట్టండి. గరిటె ఆపకుండా కలుపుతూ ఉండండి. కర్రపెండలం అయితే 60 నుంచి 70 డిగ్రీల మధ్య, మొక్కజొన్న అయితే అంతకు కాస్త పైన, పాలలా ఉన్న నీళ్లు ఒక్కసారిగా చిక్కబడి తేటగా మారతాయి. ఇక్కడితో అయిపోయిందనుకుని దించేస్తే ఫిల్మ్‌లో తెల్లచుక్కలు ఉండిపోతాయి. స్టార్చ్ రేణువులు ఉబ్బాయి గాని ఇంకా విచ్చుకోలేదు. 85 నుంచి 90 డిగ్రీలకు తీసుకెళ్లి 20 నిమిషాలు ఉంచండి. గరిటె తిప్పుతుంటే జావ మొదట బరువుగా ఉండి, తర్వాత కొంచెం జారుడుగా అవుతుంది, అప్పుడు ఉడికినట్టు. గ్లిజరిన్, సార్బిటాల్ ఎక్కువున్న బ్యాచ్‌లు చిక్కబడడానికి ఇంకాస్త వేడి అడుగుతాయి. అందుకని చూపు మీద కాక థర్మామీటర్ మీద, గడియారం మీద నడవండి, అన్ని బ్యాచ్‌లకూ ఒకటే వేడి, ఒకటే సమయం.

కోరాపుట్ వాళ్లకు ఒక మాట. మీరు సముద్రమట్టానికి 870 మీటర్ల పైన ఉన్నారు, మీ దగ్గర నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. 90 డిగ్రీల పనికి దానితో ఇబ్బంది లేదు గాని, మీ థర్మామీటర్ 100 చూపించడం లేదని దాన్ని పారేయకండి.

దించాక మళ్లీ తూచండి. ఆవిరైపోయిన నీళ్లెన్నో అన్ని వేడినీళ్లు పోసి మొదటి బరువుకు తీసుకురండి. ఈ ఒక్క పని మానేస్తే ఒక బ్యాచ్ చిక్కగా, ఒక బ్యాచ్ పలచగా పడి, ఫిల్మ్ మందాలు తేడా వస్తాయి. తర్వాత పలచటి గుడ్డలో వడకట్టి, వేడిగా ఉండగానే ఐదు పది నిమిషాలు కదపకుండా పెడితే బుడగలు పైకి వచ్చేస్తాయి. చల్లారనిస్తే బుడగలు జావలోనే చిక్కుకుపోతాయి.

పోయడం, ఎండబెట్టడం

గాజు పళ్లెంలో పోస్తే ఫిల్మ్ అంటుకుని ఊడిరాదు. ప్లాస్టిక్ పెట్రి డిష్ మంచిది. 9 సెం.మీ. డిష్‌లో 20 గ్రాముల జావ తూచి పోయండి. అందులో స్టార్చ్ గ్రాముకు కాస్త తక్కువ పడుతుంది, ఎండాక 0.15 మి.మీ. చుట్టుపక్కల మందం వస్తుంది. డిష్ పెట్టే బల్ల మట్టంగా ఉందో లేదో తాపీమేస్త్రి వాడే రసమట్టంతో చూసుకోండి. ఒక పక్క వాలితే ఒక అంచు అట్టలా, ఒక అంచు ఉల్లిపొరలా తయారవుతుంది.

ఓవెన్‌లో 40 నుంచి 45 డిగ్రీల దగ్గర ఒక రాత్రీ పగలూ. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి, అంచులు లేచి, దుమ్ము పడి, చీమలు కూడా వస్తాయి. ఓవెన్ వేడి 60కి పెంచితే తొందరగా అవుతుంది గాని పగుళ్లు వస్తాయి, ముఖ్యంగా గ్లిజరిన్ తక్కువున్న వాటిలో. అంచును బ్లేడుతో కాస్త లేపి నెమ్మదిగా ఊడదీయండి. 0 శాతం ఫిల్మ్ ఊడదీస్తుండగానే ముక్కలైతే కంగారు పడకండి, పెద్ద ముక్కలను దాచుకోండి.

ఊడిన ఫిల్మ్‌ని అప్పటికప్పుడు లాగి చూడాలనిపిస్తుంది. ఆగండి.

అసలు పని ఇక్కడ: తేమ డబ్బాలు

ఓవెన్‌లోంచి తీసిన ఫిల్మ్‌లో నీళ్లు తక్కువగా ఉంటాయి. బల్ల మీద పెట్టిన కొద్దిసేపట్లోనే గాలిలోంచి తేమ పీల్చడం మొదలుపెడుతుంది. గోపాలపూర్ తీరం నుంచి వీచే గాలిలో వానాకాలం తేమ 80 శాతం దాటడం మామూలే. ఉదయం లాగిన ముక్కకూ మధ్యాహ్నం లాగిన ముక్కకూ తేడా వస్తుంది. కాబట్టి అన్ని ఫిల్మ్‌లనూ ఒకే తేమలో కొన్ని రోజులు కూర్చోబెట్టాలి.

దీనికి ఖరీదైన ఛాంబర్ అక్కర్లేదు. కరగకుండా మిగిలిపోయేటంత ఉప్పు కలిపిన నీళ్లు, మూసిన డబ్బాలో గాలి తేమను ఒకే అంకె దగ్గర నిలబెడతాయి. ఏ ఉప్పుకు ఏ అంకె అన్నది ఏనాడో కొలిచి పెట్టారు. 30 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ 32 శాతం, మెగ్నీషియం నైట్రేట్ 51 శాతం, సోడియం క్లోరైడ్ 75 శాతం ఇస్తాయి. సోడియం క్లోరైడ్ ల్యాబ్‌లోది వాడండి, కల్లుప్పు కాదు. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కొంత కలిసే ఉంటాయి, అవి అంకెను కిందికి లాగుతాయి. డబ్బా అడుగున చిన్న గిన్నెలో తడి ఇసుకలా కనిపించేంత చిక్కగా ఉప్పు కలిపి పెట్టండి. దాని మీద ప్లాస్టిక్ జల్లెడ ఆనించి, ఫిల్మ్ ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పరచండి. మూత చుట్టూ టేపు వేయండి. మూడు డబ్బాలు, మూడు తేమలు. ప్రతి రకం ఫిల్మ్ ముక్కలూ మూడింటిలోనూ ఉండాలి.

రోజుకొకసారి ఒక ముక్కను గబగబా తూచి మళ్లీ లోపల పెట్టేయండి. బరువు మారడం ఆగిందంటే ఫిల్మ్ సిద్ధం. మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇక్కడే మీకు మొదటి ఫలితం దొరుకుతుంది, ఏమీ లాగకుండానే. 75 శాతం డబ్బాలో గ్లిజరిన్ పెరిగేకొద్దీ ఫిల్మ్ తాగే నీళ్లు పెరుగుతాయి. గ్లిజరిన్ తాను మెత్తబరచడమే కాక, తనతోపాటు నీళ్లనూ లోపలికి పిలుచుకొస్తుంది, ఆ నీళ్లు ఇంకా మెత్తబరుస్తాయి. సార్బిటాల్ ఫిల్మ్ అదే డబ్బాలో తక్కువ తాగుతుంది. అందుకే గ్లిజరిన్ ఫిల్మ్ ఊరు మారితే గుణం మారుస్తుంది, సార్బిటాల్ ఫిల్మ్ కాస్త తక్కువగా మారుస్తుంది.

లాగి చూడడం

యంత్రం ఉన్న కాలేజీలో ఏఎస్‌టీఎం డీ882 అనే ఫిల్మ్‌ల లాగుడు పరీక్ష ప్రమాణం ప్రకారం చేయిస్తారు. లేనివాళ్లు ఇలా చేసుకోవచ్చు. ఫిల్మ్‌ని 1 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కొత్త బ్లేడుతో కోయండి. కత్తెర అంచులో సన్నటి చీలికలు చేస్తుంది, పట్టీ అక్కడే తెగిపోతుంది. ఒక్కో పట్టీ మందం స్క్రూ గేజ్‌తో ఐదు చోట్ల చూసి సరాసరి రాయండి. గేజ్‌ని మెత్తటి ఫిల్మ్ మీద బిగించేయకండి, నొక్కుకుపోయి తక్కువ చూపిస్తుంది. పట్టీ మీద పెన్నుతో 50 మి.మీ. దూరంలో రెండు గీతలు పెట్టండి. పైకొసను స్టాండ్ క్లిప్పుకు, కిందికొసకు ఒక ప్లాస్టిక్ కప్పు. క్లిప్పు పళ్లకూ ఫిల్మ్‌కీ మధ్య కాగితం ముక్క పెట్టండి. కప్పులోకి నీళ్లు సన్నటి ధారగా పోస్తూ ఉండండి. పక్కన స్కేలు నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీస్తే, తెగిన క్షణంలో గీతల మధ్య దూరం ఎంతో తర్వాత ఆపి చూసుకోవచ్చు.

కప్పూ నీళ్లూ కలిపి 450 గ్రాముల దగ్గర తెగిందనుకోండి. 0.45ని 9.81తో గుణిస్తే 4.41 న్యూటన్లు. పట్టీ 10 మి.మీ. వెడల్పు, 0.15 మి.మీ. మందం, అంటే 1.5 చదరపు మి.మీ. భాగిస్తే బలం 2.9 మెగాపాస్కల్స్. తెగేటప్పుడు గీతల మధ్య 70 మి.మీ. ఉంటే సాగుడు 40 శాతం. క్లిప్పు దగ్గర తెగిన పట్టీని లెక్కలోంచి తీసేయండి. ఒక్కో రకానికి కనీసం ఐదు మంచి పట్టీలు ఉండాలి. డబ్బాలోంచి ఒక్కో పట్టీని తీసి వెంటనే లాగేయండి, అన్నీ తీసి బల్లమీద పరచుకుని కబుర్లు చెప్పుకోకండి. ఫ్యాన్ ఆపండి.

ఆవిరి ఎంత దాటుతోంది

దీన్ని త్వరగా చెప్పేస్తాను, పద్ధతి సులువే. చిన్న గాజు సీసాలో ఎండబెట్టిన కాల్షియం క్లోరైడ్ సగానికి పోసి, మూతికి ఫిల్మ్ బిగించి, చుట్టూ మైనంతో మూసేయండి. దాన్ని 75 శాతం ఉప్పు డబ్బాలో పెట్టి, రోజుకు రెండుసార్లు తూచండి. బరువు పెరుగుదలను కాలంతో గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ వాలును ఫిల్మ్ మందంతో గుణించి, మూతి వైశాల్యంతోనూ ఆవిరి పీడనం తేడాతోనూ భాగించండి. 30 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త ఆవిరి పీడనం 4.24 కిలోపాస్కల్స్, అందులో 75 శాతం 3.18. లోపల కాల్షియం క్లోరైడ్ ఉంది కాబట్టి అటువైపు సున్నా అనుకోవచ్చు. ఏఎస్‌టీఎం ఈ96 పద్ధతి సారాంశం ఇదే.

వచ్చిన అంకెలను ఎలా చదవాలి

గ్లిజరిన్ 20 నుంచి 40 శాతం మధ్య అందరికీ వచ్చేది ఒకటే: గ్లిజరిన్ పెరిగితే బలం తగ్గుతుంది, సాగుడు పెరుగుతుంది, ఆవిరి ఎక్కువ దాటుతుంది. గొలుసుల మధ్య పట్టు సడలింది, ఖాళీ పెరిగింది, అంతే. ఒకే బరువు దగ్గర సార్బిటాల్ ఫిల్మ్ ఎక్కువ బలంగా, తక్కువ సాగుడుతో, ఆవిరిని తక్కువగా వదిలేలా ఉంటుంది.

రెండు కొసల్లోనే చిక్కు. కింది కొసన, ముఖ్యంగా 32 శాతం డబ్బాలో, 10 శాతం గ్లిజరిన్ ఫిల్మ్ మెత్తబడకపోగా, ఏమీ వేయనిదానికంటే పెళుసుగా తేలవచ్చు. కొలత తప్పిందని ఆ పట్టీలను పారేసి మళ్లీ చేయకండి. దీన్ని యాంటీ ప్లాస్టిసైజేషన్ అంటారు. కొద్దిపాటి గ్లిజరిన్ గొలుసులకు గట్టిగా అతుక్కుని, వాటి మధ్య ఉన్న సందులను నింపి, గొలుసు చిన్నచిన్న కదలికలను కూడా ఆపేస్తుంది. మెత్తబరచాలంటే అంతకు మించి ఉండాలి. అదే 10 శాతం ఫిల్మ్ 75 శాతం డబ్బాలో మామూలుగా ప్రవర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ నీళ్లు వచ్చి మిగతా పని చేశాయి. ఒకే ఫిల్మ్‌లో ఈ రెండు ముఖాలూ చూపించగలిగితే మీ ప్రాజెక్టుకు అదొక్కటే చాలు.

పై కొస గురించి ఒకరోజు ఒక కుర్రాడు అడిగాడు, “మాస్టారూ, 40కే ఇంత సాగితే 60 వేస్తే రబ్బరులా అవుతుంది కదా?” అని. అవదు. 40, 50 దాటాక స్టార్చ్ పట్టుకోగలిగినంత పట్టుకుని, మిగతా గ్లిజరిన్ విడిగా చేరి పైకి ఊరుతుంది. ఫిల్మ్ జిడ్డుగా, రెండు ముక్కలు అంటుకుంటే విడదీయలేనట్టుగా తయారవుతుంది. బలంతోపాటు సాగుడు కూడా పడిపోవడం అక్కడ మొదలవుతుంది. టిష్యూ కాగితం మధ్య పెట్టి ఒక రాత్రి బరువు ఉంచి, కాగితం బరువు పెరిగిందేమో తూచండి. ఎంత ఊరిందో తెలిసిపోతుంది.

గ్రాఫ్ గీసేటప్పుడు గ్లిజరిన్ శాతానికి ఎదురుగా బలం అని ఒక్క గీత గీయకండి. 32, 51, 75 శాతాలకు మూడు గీతలు ఒకే కాగితం మీద రావాలి. గ్లిజరిన్ ప్రభావమెంత, ఊరి గాలి ప్రభావమెంత అన్నది వాటి మధ్య దూరమే చెబుతుంది.

దేనికి పనికొస్తుంది, దేనికి కాదు

రాయగడ, గుణుపురం సంతల్లో అడ్డాకు విస్తళ్లు కుట్టి అమ్మేవాళ్లున్నారు. విస్తరి మీద ఈ ఫిల్మ్ అంటిస్తే పులుసు కారదు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. వేడి పులుసు పడితే ఫిల్మ్ ఉబ్బి మెత్తబడి జావ దారి పడుతుంది, అందులోని గ్లిజరిన్ కూరలోకి దిగుతుంది. పొడి సరుకుకు, మసాలా పొట్లానికి లోపలి పొరగా, లేదా మొలకల కుండీ చుట్టూ చుట్టడానికి ఆలోచించండి. అమ్మకానికి సంచులు చేసి కంపోస్టబుల్ అని ముద్ర వేయాలంటే మాత్రం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ కావాలి, ల్యాబ్‌లో మట్టిలో పాతిపెట్టి చూశామంటే కుదరదు.

నెల తర్వాత మళ్లీ

ప్రతి రకం నుంచీ ఐదు పట్టీలు 51 శాతం డబ్బాలోనే ఉంచేసి, నెల గడిచాక మళ్లీ లాగండి. గ్లిజరిన్ ఫిల్మ్‌లు చాలావరకు గట్టిపడి, సాగుడు తగ్గి ఉంటాయి. రాత్రి మిగిలిన చపాతీ తెల్లారేసరికి గట్టిపడినట్టే, గొలుసులు మళ్లీ వరసల్లోకి చేరి స్ఫటికాలు కడతాయి. దీన్ని రెట్రోగ్రడేషన్ అంటారు. సార్బిటాల్ ఎక్కువున్న వాటి మీద కొన్నిసార్లు తెల్లటి పొడి కనిపిస్తుంది, అది బూజు కాదు, సార్బిటాలే స్ఫటికమై బయటికి వచ్చింది. భూతద్దంలో చూస్తే సూదుల్లా, పలకల్లా మెరుస్తుంది. బూజైతే నూగుగా ఉంటుంది. 75 శాతం డబ్బాలో బూజు వచ్చే భయం ఎక్కువ, అందుకే నెల పరీక్షకు ఆ డబ్బా వాడవద్దు. ఒక్క ముక్కకు బూజు కనిపించినా ఆ డబ్బాలోని ఫిల్మ్‌లన్నీ తీసేసి, డబ్బాను సబ్బుతో వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఉప్పు కొత్తగా కలిపి పెట్టుకోండి.